పైన కనోలా, కింద పొటాష్: ఎస్టర్‌హేజీ లాంటి ఊళ్లో స్థిరపడవచ్చా?

ప్రశ్న
రాసినవారు: కొత్త మజిలీ

అందరికీ నమస్కారం. కెనడాలోని సస్కాచెవాన్ ప్రావిన్సు ఆగ్నేయ భాగంలో, మానిటోబా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఎస్టర్‌హేజీ అనే చిన్న పట్టణానికి మారే ఆలోచనలో ఉన్నాము. మావారికి అక్కడి పొటాష్ (ఎరువుగా వాడే పొటాషియం ఖనిజం) గనిలో యంత్రాల నిర్వహణ విభాగంలో ఉద్యోగం ఖాయమైంది. ఇంతకాలం టొరంటో శివారులోనే ఉన్నందువల్ల ప్రెయిరీ (విశాలమైన గడ్డి మైదానాల) జీవితం మాకు పూర్తిగా కొత్త. ఊరి జనాభా సుమారు రెండున్నర వేలు. చుట్టూ కనుచూపు మేర గోధుమ, కనోలా (ఆవాల జాతి నూనెగింజ) పొలాలే. ఆ పొలాల కింద దాదాపు కిలోమీటరు లోతున గని నడుస్తోందని విన్నప్పటి నుంచి ఆ ఊరి గురించి చదవడం మానలేకపోతున్నాను.

నా అసలు ప్రశ్న ఇది. గని మీద బతికే ఊళ్లు గని మూతపడగానే ఖాళీ అయిపోతాయని అంటారు. వ్యవసాయం మీద బతికే చిన్న ప్రెయిరీ ఊళ్లు కూడా తరానికి తరం చిక్కిపోతున్నాయని అంటారు. ఈ రెండింటి మీదా ఆధారపడిన ఊరు మరింత గట్టిదా, లేక రెండు వైపుల నుంచీ ప్రమాదం పొంచి ఉన్నదా? అక్కడ 2021లో రెండు షాఫ్టులు (గనిలోకి దిగే నిలువు బావులు) ఉన్నట్టుండి మూసేశారని చదివి నాకు కొంత భయం వేసింది. పిల్లలిద్దరూ ఇంకా చిన్న తరగతుల్లోనే ఉన్నారు కాబట్టి కనీసం పదేళ్లు ఒకేచోట ఉండాలని మా కోరిక. ఇల్లు కొనడమా, అద్దెకు ఉండడమా అన్నది కూడా దీని మీదే ఆధారపడి ఉంది. ఆ ప్రాంతం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

---

సమాధానం
రాసినవారు: రెజైనా వాసి

కొత్త మజిలీ గారూ, నేను ఈ ప్రావిన్సులో పొటాష్ రంగంలోనే పని చేస్తున్నాను, ఎస్టర్‌హేజీ గనిలోకి కూడా దిగాను. మీ భయం సహజమే. కానీ మూసింది షాఫ్టులనే, గనిని కాదు. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలిస్తే మీ ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. అందుకు కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇప్పుడు ప్రెయిరీ ఉన్నచోట సుమారు 38 కోట్ల సంవత్సరాల క్రితం ఒక లోతులేని సముద్రం ఉండేది. అది ఆవిరవుతూ వదిలివెళ్లిన ఉప్పు పొరల పైభాగంలో పొటాషియం క్లోరైడు పేరుకుంది. ఆ పొర సస్కాచెవాన్ దక్షిణార్ధం అడుగున చాలా దూరం పరుచుకుని ఉంది. ఎస్టర్‌హేజీ దగ్గర అది కిలోమీటరు లోతులోనే, సమతలంగా, మంచి నాణ్యతతో దొరుకుతుంది. ప్రావిన్సు రాజధాని రెజైనాకు పడమరగా బెల్ ప్లేన్ దగ్గర అదే పొర ఎంతో లోతుకు దిగిపోవడం వల్ల అక్కడ మనుషులు దిగరు, వేడినీళ్లు పంపి కరిగించి పైకి తెస్తారు. ప్రపంచంలో తయారయ్యే పొటాష్‌లో దాదాపు మూడో వంతు ఈ ఒక్క ప్రావిన్సు నుంచే వస్తోంది. కాబట్టి ఖనిజం అయిపోతుందేమో అన్న దిగులు మీ పిల్లల తరానికి కూడా అక్కర లేదు.

దిగులు పడవలసింది నీటి గురించి. పొటాష్ పొరకు పైన, నేల నుంచి కొన్ని వందల మీటర్ల లోతులో, బ్లెయిర్‌మోర్ అనే ఇసుక పొర ఉంది. అందులో నీరు విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది. 1957లో ఎస్టర్‌హేజీలో మొదటి షాఫ్టు తవ్వకం మొదలుపెట్టినప్పుడు ఈ ఇసుక, నీరు కలిసి లోపలికి దూసుకువచ్చి పనిని నిలబెట్టేశాయి. చివరికి ఆ పొరను గడ్డకట్టించి, మంచుగా మారిన ఇసుకను తొలిచి, లోపలి గోడకు పోత ఇనుప వలయాలను ఒకదాని మీద ఒకటి బిగించి కిందికి వెళ్లారు. ఉత్పత్తి మొదలయ్యేసరికి 1962 వచ్చింది. ఆ గనిని కే1 అంటారు. కొన్ని కిలోమీటర్ల దూరంలో కే2ను 1967లో ప్రారంభించారు. తరువాత లోపల ఆ రెండింటినీ కలిపారు.

1985 డిసెంబరులో కే2 వైపు భూగర్భంలోకి ఉప్పునీరు రావడం మొదలైంది. ఉప్పు గనిలో నీరంటే మామూలు గనిలో నీరు లాంటిది కాదు. తోడి పారబోస్తే సరిపోదు, అది వచ్చిన దారిలోని ఉప్పును కరిగించుకుంటూ దారిని మరింత వెడల్పు చేసుకుంటుంది. ఈ ప్రావిన్సులోనే సస్కటూన్ నగరం దగ్గరి పేషెన్స్ లేక్ గని 1987లో నీట మునిగిన తరువాత అందులోకి మళ్లీ మనుషులు దిగి తవ్వలేదు, కరిగించి తీసే పద్ధతికి మారిపోయారు. ఎస్టర్‌హేజీలో మాత్రం పగుళ్లలోకి సిమెంటు, రసాయనాలు ఎక్కిస్తూ, వచ్చిన ఉప్పునీటిని పైకి తోడుతూ మూడున్నర దశాబ్దాలు నెట్టుకొచ్చారు. గని పరిశ్రమలో ఇంతకాలం నీటితో పోరాడి నిలిచిన చోట్లు అరుదు. అక్కడి ఇంజనీర్లు, కార్మికులు చేసిన ఆ పనికి రావలసినంత పేరు రాలేదని నా గట్టి అభిప్రాయం.

అలా ఎల్లకాలం సాగదని తెలుసు కాబట్టే, నీరు చేరే చోటికి దూరంగా కే3 షాఫ్టుల తవ్వకాన్ని 2011లో మొదలుపెట్టారు. 2021 జూన్‌లో నీటి రాక పెరిగినప్పుడు కే1, కే2 షాఫ్టులను అనుకున్న గడువు కంటే ముందే మూసేశారు. అప్పటికే కే3 నుంచి ఖనిజం పైకి వస్తోంది. పాత షాఫ్టుల దగ్గరున్న శుద్ధి కర్మాగారాలు ఆగిపోలేదు, కే3 ఖనిజం పొలాల మీదుగా వేసిన కన్వేయర్ల ద్వారా వాటికి చేరుతోంది. అంటే 2021లో మీరు చదివిన మూసివేత ఊరికి ముగింపు కాదు, చాలా ఏళ్ల క్రితమే మొదలుపెట్టిన మార్పు తొందరగా పూర్తి కావడం. వేల కోట్ల రూపాయలకు సమానమైన పెట్టుబడి పెట్టి కొత్త షాఫ్టులు వేసిన సంస్థ పదేళ్లలో వాటిని వదిలి పోదు.

మీవారు లోపలికి దిగితే ఎలా ఉంటుందోనని మీకు ఆలోచన ఉండవచ్చు. బొగ్గు గని చూసినవారు ఊహించుకునే చీకటి, తడి ఇక్కడ ఉండవు. గోడలు గులాబీ, ఎరుపు రంగుల్లో ఉంటాయి. తవ్వే యంత్రపు చక్రాల పళ్లు వాటి మీద గుండ్రటి గీతలు వదిలివెళతాయి. గాలి పొడిగా, వెచ్చగా ఉంటుంది. బయట మైనస్ ముప్పై ఉన్న రోజున కూడా లోపల చొక్కా మీద పని చేస్తారు. కాసేపటికి పెదాల మీద ఉప్పు రుచి తెలుస్తుంది. ఉప్పు రాయి ఒత్తిడికి చాలా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి పాత సొరంగాల కప్పు ఏళ్లు గడిచేకొద్దీ కిందికి దిగుతూ ఉంటుంది. ఎక్కడ ఎంత దిగుతోందో కొలవడం నిత్యం జరిగే పని.

భద్రత గురించి ఒక్కటే చెబుతాను. 2006 జనవరి 29న కే2లో ప్లాస్టిక్ గొట్టాలకు నిప్పంటుకుని పొగ కమ్మినప్పుడు 72 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. వాళ్లు భూగర్భంలోనే కట్టిన ఆశ్రయ గదుల్లోకి వెళ్లి తలుపులు మూసుకుని, లోపల నిల్వ ఉంచిన ఆక్సిజన్, నీరు, ఆహారంతో ఒక రోజుకు పైగా ఉన్నారు. అందరూ క్షేమంగా బయటికి వచ్చారు. అది అదృష్టం కాదు. ఆ గదులను ముందే కట్టి, వాటిలోకి ఎలా వెళ్లాలో తరచూ సాధన చేయించడం వల్ల దక్కిన ఫలితం.

---

సమాధానం
రాసినవారు: మెట్టపైరు

రెజైనా వాసి గారు కింది సంగతి చెప్పారు, నేను పైన సంగతి చెబుతాను. ఎస్టర్‌హేజీకి దగ్గర్లోని పెద్ద పట్టణం యార్క్‌టన్ చుట్టుపక్కల రైతులకు పంటల సలహాలు ఇవ్వడం నా వృత్తి. ఎస్టర్‌హేజీ నా తిరుగుడులో భాగమే.

కొత్తగా వచ్చినవారిని ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయంతో మొదలుపెడతాను. తమ పొలం కిందనుంచే ప్రపంచానికి పొటాష్ వెళుతున్నా, ఇక్కడి రైతుల్లో చాలామంది తమ పైర్లకు దాన్ని నామమాత్రంగానే వేస్తారు, లేదా అసలు వేయరు. ప్రెయిరీ బంకనేలల్లో సహజంగానే పొటాషియం పుష్కలంగా ఉంటుంది. మట్టి పరీక్ష ఫలితాలు చేతికి రాగానే మేము చూసేది నత్రజని, భాస్వరం, కనోలా వేసే చోట గంధకం. బార్లీకి, ఇసుకపాళ్లు ఎక్కువున్న మడులకు మాత్రమే పొటాష్ అవసరం పడుతుంది. కాబట్టి గనికి, పొలానికి ఉన్న సంబంధం ఎరువు సంబంధం కాదు. ఇక్కడి సరుకు రైళ్ల మీద అమెరికా మొక్కజొన్న ప్రాంతాలకు, ఓడరేవులకు, ఆ రేవుల నుంచి బ్రెజిల్, చైనా, భారతదేశాల వంటి చోట్లకు పోతుంది. ఇక్కడ ఎరువుకన్నా లోతైన బంధం జీతంతో ఏర్పడింది.

ఎలాగో చెబుతాను. ఈ ఊరికి పేరు తెచ్చిన వలస 1886లో మొదలైంది. కౌంట్ ఎస్టర్‌హేజీ అని చెప్పుకున్న ఒకాయన అమెరికా గనుల్లో పని చేస్తున్న హంగేరియన్ కుటుంబాలను సేద్యానికి ఇక్కడికి తీసుకువచ్చాడు. బొగ్గు గనుల నుంచి బయటపడి నేల దున్నుకోవడానికి వచ్చినవారి ఊరి అడుగునే తరువాత గని రావడం నాకు ఎప్పుడూ ఆలోచించదగ్గ విషయంగా అనిపిస్తుంది. వాళ్లు, వాళ్ల పిల్లలు పొలాల్లో ఏరిన రాళ్లతో 1906, 1907 సంవత్సరాల్లో కట్టిన కపోష్వార్ చర్చి ఊరికి దక్షిణంగా ఇప్పటికీ నిలిచి ఉంది. మీరు వచ్చాక తప్పక చూడండి. అదే కాలంలో కట్టిన చెక్క పిండిమర కూడా ఊళ్లో ఉంది.

అప్పట్లో ఒక్కో కుటుంబానికి పది డాలర్ల రుసుము మీద 160 ఎకరాలు ఇచ్చేవారు. దాన్ని క్వార్టర్ అంటారు. చదరపు మైలులో నాలుగో వంతు. ఇప్పటికీ ఇక్కడ భూమిని ఎకరాల్లో కాక క్వార్టర్లలోనే లెక్క చెబుతారు. ఒక క్వార్టరుతో ఒక కుటుంబం బతికిన రోజులు ఎప్పుడో పోయాయి. ఇవాళ సస్కాచెవాన్‌లో సగటు కమతమే 1,700 ఎకరాలు దాటింది. యంత్రాలు పెద్దవయ్యాయి, వాటికి తగ్గట్టు పొలాలు పెద్దవయ్యాయి, మనుషులు తగ్గారు. మనుషులు తగ్గితే బడి, దుకాణం, చర్చి వరుసగా తగ్గుతాయి.

దీన్ని తొందరపెట్టింది రైలు. ధాన్యం రవాణా చార్జీలను అదుపులో ఉంచుతూ 1897 నుంచి నడిచిన క్రో రేటు అనే ఏర్పాటు రకరకాలుగా మారుతూ వచ్చి, దాని వారసత్వంగా మిగిలిన రాయితీ 1995లో పూర్తిగా రద్దయింది. రైతు తన గింజను ఓడరేవుకు చేర్చడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిగా పెరిగింది. రైలు కంపెనీలు నష్టం వచ్చే కొమ్మ లైన్లను పీకేశాయి. ప్రతి ఎనిమిది పది మైళ్లకు ఒకటి చొప్పున నిలిచి ఉండిన చెక్క ఎలివేటర్లను (ధాన్యం కొని నిల్వ చేసే ఎత్తైన గోదాములను) కూల్చి, చాలా ఊళ్లకు కలిపి ఒకటిగా కాంక్రీటువి కట్టారు. ఎలివేటరు పోయిన ఊళ్లో రైతు గింజ అమ్మడానికి రాడు. గింజ అమ్మడానికి రానివాడు అక్కడ సరుకులు కూడా కొనడు. మీరు కారులో వస్తూ దారి పొడవునా పేరుపలక మాత్రం మిగిలిన ఊళ్లను చాలా చూస్తారు.

ఎస్టర్‌హేజీ అలా కాకపోవడానికి కారణం గని జీతాలే. నాకు తెలిసిన రైతు కుటుంబాల్లో చాలావాటిలో ఒకరైనా గనిలో షిఫ్టు చేస్తారు. పన్నెండు గంటల షిఫ్టులు కాబట్టి వరుసగా కొన్ని రోజులు పని, తరువాత కొన్ని రోజులు సెలవు ఉంటాయి. ఆ సెలవు రోజుల్లో పొలం పని చూసుకుంటారు. మే నెలలో విత్తే కాలం వచ్చిందంటే షిఫ్టులు మార్చుకోవడానికి బేరసారాలు నడుస్తాయి. పైరును గడ్డకట్టించే మంచు పట్టని రోజులు ఇక్కడ ఏడాదికి నూరుకు కొంచెం అటూఇటూగా మాత్రమే దొరుకుతాయి. మేలో ఒక వారం పోతే ఆగస్టు చివర మొదటి మంచు కనోలా గింజను ఆకుపచ్చగా ఉండగానే పట్టేస్తుంది, అలాంటి గింజకు ధర కోత పడుతుంది. పైఅధికారులకు కూడా సొంత పొలాలో, అత్తవారి పొలాలో ఉంటాయి కాబట్టి వారికి ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. రెండు మూడు క్వార్టర్లతో మరెక్కడైనా అమ్ముకుని వెళ్లిపోవలసి వచ్చే యువరైతు, ఇక్కడ గని జీతంతో విత్తే యంత్రం వాయిదాలు కట్టుకుంటూ నిలదొక్కుకుంటాడు. వాళ్ల పిల్లలు ఊరి బడిలో ఉంటారు, హాకీ జట్టుకు మనుషులు సరిపోతారు.

కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం: రెండింటి మీద ఆధారపడిన ఊరు గట్టిదే. అయితే రెండూ కలిసి ఒకేసారి దెబ్బతినే కాలం కూడా వస్తుంది. ధాన్యం ధర పడిపోతే ప్రపంచమంతటా రైతులు ఎరువు కొనడం తగ్గిస్తారు, దాంతో పొటాష్ ధర కూడా పడుతుంది. ఇది ఇక్కడివారు అంతగా మాట్లాడని సంగతి.

---

మళ్లీ అడుగుతున్నాను
రాసినవారు: కొత్త మజిలీ

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మెట్టపైరు గారి చివరి వాక్యాలు నన్ను ఆలోచనలో పడేశాయి. ఇంకొక రెండు సందేహాలు. భూమి రైతుదే అయితే దాని కిందున్న పొటాష్ కూడా రైతుదే కావాలి కదా? గని తవ్వినందుకు అతనికి ఏమీ రాదా? భవిష్యత్తులో ఊరి అంచున కొంచెం భూమి కొనాలని మాకూ ఉంది. రెండోది, అంతర్జాల చిత్రాల్లో గని పక్కన కొండలా కనిపించే తెల్లటి గుట్ట ఏమిటి? దానివల్ల పొలాలకు హాని లేదా?

---

సమాధానం
రాసినవారు: పట్టా పుస్తకం

భూమి వ్యవహారాల్లో పని చేసేవాడిని కాబట్టి మొదటి సందేహానికి నేను జవాబిస్తాను.

సస్కాచెవాన్‌లో నేలపై హక్కు వేరు, ఖనిజ హక్కు వేరు. 1880ల చివరి నుంచి ప్రభుత్వం పడమటి ప్రాంతంలో ఇచ్చిన హోమ్‌స్టెడ్ భూముల్లో (వలస వచ్చినవారికి సేద్యానికి ఇచ్చిన భూముల్లో) ఖనిజాలను తనకే అట్టిపెట్టుకుంది. అంతకుముందు నమోదైన కొన్ని భూములకు, రైల్వే కంపెనీకి దక్కిన కొన్ని భూములకు మాత్రం ఖనిజ హక్కు ప్రైవేటు చేతుల్లో ఉండవచ్చు. అందువల్ల పక్కపక్కన ఉన్న రెండు క్వార్టర్లలో ఒకదాని కిందున్నది ప్రభుత్వానిది, రెండో దాని కిందున్నది ఒక కుటుంబానిది కావడం అసాధారణం కాదు. ప్రావిన్సులో ఎక్కువ భాగం ఖనిజ హక్కులు ప్రభుత్వానివే. మీరు భూమి కొంటే మీకు వచ్చేది మామూలుగా నేలపై హక్కు మాత్రమే. ఖనిజ పట్టా ఎవరి పేరున ఉందో భూమి నమోదు కార్యాలయంలో విడిగా చూడవలసి ఉంటుంది. కిలోమీటరు లోతున సొరంగం పోయినందుకు పైనున్న రైతుకు అద్దె రాదు. షాఫ్టుకు, కన్వేయరుకు, రోడ్డుకు, ఉప్పునీటి గొట్టాలకు నేల వాడుకుంటే దానికి మాత్రం పరిహారం ఒప్పందం ఉంటుంది.

మరొక ముఖ్యమైన నియమం. ఈ ప్రావిన్సులో కెనడా పౌరసత్వం గానీ శాశ్వత నివాస హోదా గానీ లేనివారు మామూలుగా పది ఎకరాలకు మించి వ్యవసాయ భూమి కలిగి ఉండకూడదు. మీ హోదా ఏమిటో రాయలేదు కాబట్టి దీన్ని గుర్తుంచుకోండి. ఊళ్లో ఇంటి స్థలానికి ఈ నియమం వర్తించదు.

గుట్ట సంగతి. తవ్వి తీసిన ఖనిజంలో సగానికి పైగా మామూలు ఉప్పే. పొటాష్‌ను వేరు చేశాక మిగిలిన ఉప్పును పక్కన పోస్తారు. దశాబ్దాలుగా పేరుకున్న ఆ గుట్టలు ఈ చదును నేల మీద చాలా దూరానికి కనిపిస్తాయి. వాన పడితే ఉప్పు కరిగి కిందికి దిగుతుంది కాబట్టి చుట్టూ కట్టలు, చెరువులు, ఊట కాలువలు కట్టి, చేరిన ఉప్పునీటిని లోతైన బావుల ద్వారా భూగర్భంలోకి పంపుతారు. చుట్టుపక్కల నీటి నమూనాలు తీయడం ప్రావిన్సు అనుమతుల్లో షరతు. హాని లేదని నేను అనను. గుట్టకు ఆనుకుని ఉన్న మడుల్లో ఉప్పు చేరితే ఆ నేల తిరిగి సాగులోకి రావడానికి చాలా కాలం పడుతుంది, గని పూర్తిగా మూసిన తరువాత ఆ గుట్టను కరిగించి వదిలించుకోవడానికి తరాలు పడుతుంది. కానీ ప్రభావం గని ఆవరణ చుట్టూనే ఉంటుంది. ఊరికీ దానికీ మధ్య తగినంత దూరం ఉంది. భూమి కొనేటప్పుడు గుట్టకు వాలు దిశలో ఉన్నదాన్ని మాత్రం వదిలేయండి.

---

సమాధానం
రాసినవారు: ఉత్తరపు గాలి

అందరూ బాగా వివరించారు. కానీ ప్రమాదమంతా నీటిదే అన్న రెజైనా వాసి గారి అంచనాతో నేను పూర్తిగా ఏకీభవించను. ఇక్కడి గని ఊళ్లను మొదట తాకేది ధర. 2008లో పొటాష్ ధర ఆకాశానికి ఎక్కి, మరుసటి ఏడాదే కూలింది. 2013లో రష్యా, బెలారస్ ఉత్పత్తిదారుల మధ్య పొత్తు విడిపోయినప్పుడు మళ్లీ పడింది. ధర పడినప్పుడు గనిని మూయరు, కొన్ని వారాలో నెలలో ఆపుతారు, కాంట్రాక్టు పనులు నిలిపేస్తారు. సస్కటూన్‌కు తూర్పున ఉన్న కొలన్సే అనే చిన్న ఊరు చూడండి. అదీ పొలాల మధ్య గని ఊరే, గని నడిపేది కూడా ఎస్టర్‌హేజీ గనిని నడిపే సంస్థే. 2019లో దాన్ని ఆపేశారు. పనివాళ్లు వేరే చోట్లు వెతుక్కున్నారు. 2021లో ఎస్టర్‌హేజీ పాత షాఫ్టులు మూతపడి సరుకు తగ్గినప్పుడు అదే కొలన్సేను తిరిగి తెరిచారు. ఒక ఊరి కష్టం ఇంకో ఊరికి పని ఇచ్చిన సందర్భం అది. ఎస్టర్‌హేజీ ఖర్చు తక్కువైన, పెద్దదైన గని కాబట్టి, చెడ్డకాలంలో ముందుగా ఆపేది దాన్ని కాదు. ఈ విషయం మీకు అన్నిటికన్నా ధైర్యం ఇవ్వాలి.

గని ఊరు ఖాళీ కావడమంటే ఏమిటో నాకు తెలుసు. మా కుటుంబానికి తెలిసినవారు కొందరు యురేనియం సిటీలో ఉండేవారు. అథబాస్కా సరస్సు ఉత్తరపు ఒడ్డున 1950లలో యురేనియం కోసం కట్టిన ఊరు అది. వేల మంది జనం, పెద్ద బడి, ఆసుపత్రి, సినిమా హాలు ఉండేవి. 1981 డిసెంబరులో గని మూస్తున్నట్టు ప్రకటించారు, 1982 జూన్‌తో పని ఆగింది. చేరడానికి ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు, నేల మీద పండించేది ఏమీ లేదు. ఇళ్లను కొనేవాడు లేక వదిలేసి విమానం ఎక్కారు. ఇప్పుడు అక్కడ మిగిలినది వంద లోపు జనం. ఎస్టర్‌హేజీ గని ఏ కారణం చేతనైనా ఆగిపోయినా, ఆ ఊరికి అలాంటి గతి పట్టదు. ట్రాక్టరు విడిభాగాలు, ఎరువు, ఇంధనం, బ్యాంకు, పశువైద్యం కోసం చుట్టూ ఉన్న రైతులు రావలసింది అక్కడికే. ఊరు చిన్నదవుతుంది కానీ ఉంటుంది. ఇంటి ధర సగం కావచ్చు కానీ కొనేవాడు దొరుకుతాడు.

ఇక మీ ఇంటి విషయం. మొదటి చలికాలం అద్దెకు ఉండండి. మీ మనసు మార్కెట్టు కన్నా చలి దగ్గర ముందు తేలుతుంది. మైనస్ నలభై దగ్గర రాత్రిపూట కారు ఇంజను గడ్డకట్టకుండా దానికి కరెంటు తీగ తగిలించడం, తెల్లవారకముందే మంచు తవ్వడం, మీవారు రాత్రి షిఫ్టులో ఉన్నప్పుడు పిల్లలతో ఒంటరిగా ఇంట్లో ఉండడం మీకు ఎలా ఉంటుందో ముందు తెలుసుకోవాలి. వైద్యం గురించి కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. గ్రామీణ ప్రాంతాల్లో సిబ్బంది లేక అత్యవసర విభాగాలు అప్పుడప్పుడు తాత్కాలికంగా ఆగుతుంటాయి. అలాంటప్పుడు యార్క్‌టన్ వెళ్లాలి. ప్రత్యేక నిపుణులు కావాలంటే రెజైనా దాకా వెళ్లాలి. మంచు తుఫాను రోజున ఆ దూరం మామూలు దూరం కాదు.

కొనే సమయం వచ్చినప్పుడు ఒక చిన్న జాగ్రత్త. కే3 షాఫ్టులు తవ్విన ఏళ్లలో బయటి కాంట్రాక్టు కార్మికులు వందలుగా వచ్చి ఊళ్లో అద్దెలు, ధరలు పెరిగాయి. నిర్మాణం అయిపోయాక వారు వెళ్లిపోయారు. అప్పుడు హడావుడిగా కట్టిన ఇళ్లకూ, 1960లలో గని మొదలైనప్పుడు కట్టిన ఇళ్లకూ చాలా తేడా ఉంటుంది. పాత ఇళ్లకు బేస్‌మెంటు గోడలో పగుళ్లు, నీటి చారలు చూడండి. ఇక్కడి బంకమన్ను తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంగుతుంది. ఏప్రిల్‌లో మంచు కరిగే వారాల్లో చూడగలిగితే ఆ ఇంటి బాగోగులు మీకే తెలిసిపోతాయి.

---

ధన్యవాదాలు
రాసినవారు: కొత్త మజిలీ

మీ అందరి సమాధానాలు మావారికి కూడా చదివి వినిపించాను. మేమిద్దరం శాశ్వత నివాసులమే కాబట్టి భూమి నియమంతో ఇబ్బంది లేదు, కానీ ఆ ఆలోచన తరువాత చూసుకుంటాము. ముందు అద్దె ఇల్లు తీసుకుని, వచ్చే ఏప్రిల్‌లో బేస్‌మెంట్లు చూడడం మొదలుపెడతాము. మావారు ఉద్యోగంలో చేరేది కే3లోనా, పాత కర్మాగారాల్లోనా అన్నది ఇంకా చెప్పలేదు. అది రాతపూర్వకంగా అడిగి తెలుసుకుంటాము. మెట్టపైరు గారూ, ఆగస్టులో అక్కడికి చేరుతున్నాము. కోతలు మొదలయ్యే సమయం కాబట్టి మీకు తీరిక ఉండకపోవచ్చు, కానీ కోతలు ముగిశాక ఆ రాతి చర్చికి ఏ దారిన వెళ్లాలో, పిల్లలకు ఒక పనిచేసే పొలం చూపించడానికి ఎవరిని అడగాలో చెబితే చాలా సంతోషిస్తాము.

---

సమాధానం
రాసినవారు: మెట్టపైరు

తప్పకుండా. చర్చి ఊరికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉంది, ఎవరిని అడిగినా చూపిస్తారు. పొలం చూడడానికి కోతలు ముగిసేదాకా ఆగనక్కర లేదు. కంబైను (కోత యంత్రం) క్యాబిన్‌లో పక్కన ఇంకొక సీటు ఉంటుంది, సెప్టెంబరులో పొడి వాతావరణం ఉన్న ఏదో ఒక మధ్యాహ్నం పిల్లలను ఒక్కొక్కరిగా ఎక్కించుకునే రైతులు నాకు తెలుసు. వచ్చిన వెంటనే ఇక్కడే ఒక మాట రాయండి.